నీడలో 44, డాష్‌బోర్డ్ మీద 70

పేపర్లో "నల్లగొండలో 44 డిగ్రీలు" అని పడితే అది ఎండ వేడి కాదు, నీడ వేడి. నేలకి నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేటట్టు పలకలు బిగించిన తెల్ల చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు చూపించే లెక్క అది. మీ కారు ఆ పెట్టెలో లేదు. క్లాక్ టవర్ దగ్గరో, ఫంక్షన్ హాలు ముందు జాగాలోనో, సాగర్‌లో లాంచీ ఎక్కే చోట బయటో, కాలే నేల మీద నాలుగు అద్దాలు ఎక్కించుకొని నిలబడి ఉంది. అందులో హోల్డర్‌కి తగిలించిన ఫోనో, సీటు మీద ల్యాప్‌టాప్ బ్యాగో, గేరు పక్కన పవర్ బ్యాంకో ఉండిపోతే వాటికి తగిలే వేడి ఎంతో ఏ పేపరూ వెయ్యదు.

అందరి భయమూ ఫోన్ పేలుతుందేమోనని. ముందు చూసుకోవాల్సింది అది కాదు. నష్టం ఎంతన్నది మూడు సంగతుల మీద ఉంటుంది: వస్తువు కార్లో ఎక్కడుంది, అందులో ఛార్జ్ ఎంతుంది, మీరు తిరిగొచ్చి కూర్చున్నాక మొదటి పది నిమిషాలు దాంతో ఏం చేశారు. మొదటిది అందరికీ తెలుసు. రెండోది కొందరికి తెలుసు. మూడోది దాదాపు అందరూ తప్పే చేస్తారు.

ముందు వేడి లెక్క. మే నెల మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె కూడా ఇంచుమించు అంతే. ముందు అద్దం వైశాల్యం రమారమి ఒక చదరపు మీటరు. అద్దం సగం ఆపిందనుకున్నా మిగతా సగం నల్లటి డాష్‌బోర్డ్ మీద పడి వేడిగా మారుతుంది. వెలుగు లోపలికి వచ్చినంత సులువుగా ఆ వేడి బయటికి పోలేదు. డాష్‌బోర్డ్ వెదజల్లే పరారుణ కిరణాలకి గాజు గోడతో సమానం, పైగా లోపలి గాలికి దారి లేదు.

అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన కొలతలున్నాయి. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఆపిన కార్లో గాలి సగటున 47, సీట్లు 51, స్టీరింగ్ 53, డాష్‌బోర్డ్ 69. అదే నీడలో ఆపితే గాలి 38, సీట్లు 41, స్టీరింగ్ 42, డాష్‌బోర్డ్ 48. ఈ అంకెల్ని రెండుసార్లు చదవండి. ఒకే కారులో, ఒకే గంటలో, డాష్‌బోర్డ్‌కీ సీటుకీ మధ్య 18 డిగ్రీల తేడా. నీడకీ ఎండకీ మధ్య డాష్‌బోర్డ్ మీద 21 డిగ్రీల తేడా. అది కూడా బయట 38 ఉన్న ఊరి లెక్క. మన దగ్గర మే నెలలో 42, 44 మామూలే.

"ఐదు నిమిషాల పనే, అద్దం రెండు వేళ్లంత దించి వస్తా" అనేది ఇంకో అలవాటు. 2005లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన కొలతల్లో కారు లోపల గంటకి సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కొలతలు చేసింది పిల్లల్ని కార్లో వదిలి వెళ్లొద్దని చెప్పడానికి. ఫోన్ సంగతి దాని ముందు ఏపాటిది, కానీ గాలి అదే గాలి.

ఇప్పుడు వస్తువు వైపు నుంచి చూద్దాం. ఐఫోన్‌కి కంపెనీ రాసిన హద్దులు: వాడేటప్పుడు చుట్టూ 35 డిగ్రీల దాకా, ఆపి పక్కన పెట్టేటప్పుడు 45 దాకా. మ్యాక్‌బుక్ కూడా ఇంతే. మిగతా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎక్కువ శాతం ఇదే కొలతకి అటూ ఇటూ. అంటే మే నెల మధ్యాహ్నం చెట్టు కింద నిలబడి ఫోన్ మాట్లాడితేనే 35 దాటిపోయాం. కారులో అయితే 45 హద్దు సీటు మీదే దాటుతుంది, డాష్‌బోర్డ్ దాకా పోనక్కర్లేదు.

మరి కారులోనే ఉండే కంప్యూటర్లు, సెన్సర్లు ఎందుకు చెడిపోవు? అవి ఆ వేడికే తయారయ్యాయి. కారు కోసం చేసే చిప్‌లకి వేరే గ్రేడ్లున్నాయి, 85, 105, 125 డిగ్రీల దాకా తట్టుకునేటట్టు పరీక్షిస్తారు. మామూలు వస్తువుల్లో వాడే చిప్‌ల హద్దు సాధారణంగా 70. బయట షాపులో బిగించుకునే చవక ఆండ్రాయిడ్ స్టీరియోలు చాలా వరకు ఈ రెండో జాతివి. కంపెనీ నుంచి వచ్చిన స్క్రీన్ పదేళ్లు నడిచి, బయట బిగించింది రెండో ఎండాకాలానికే ఎవరూ తాకకుండా తనంతట తాను నొక్కుకోవడం మొదలుపెట్టడానికి ఒక కారణం అదే. స్క్రీన్ పొరల్ని అతికించే పారదర్శకమైన గమ్ము వేడికి సాగి, అంచున బుడగలు కట్టి, టచ్ పొర తప్పుడు సిగ్నళ్లిస్తుంది.

బ్యాటరీలో జరిగేది

ఫోన్ మరమ్మతు షాపులో వెనక గ్లాసు ఎలా ఊడదీస్తారో చూశారా? ఫోన్‌ని వేడి పలక మీద పెడతారు, సుమారు 80 డిగ్రీలు. నాలుగైదు నిమిషాల్లో గమ్ము మెత్తబడుతుంది, సక్షన్ కప్పుతో లాగి, సన్నని ప్లాస్టిక్ రేకు దూర్చి అంచు చుట్టూ తిప్పితే మూత వచ్చేస్తుంది. మీ డాష్‌బోర్డ్ ఆ పలకకి పది డిగ్రీల దూరంలో ఉంది, అదీ ఐదు నిమిషాలు కాదు, మూడు గంటలు.

మూత తీశాక లోపల కనిపించే బ్యాటరీ వెండి రంగు పొట్లంలా ఉంటుంది. మంచిదైతే పలకలా చదునుగా ఉంటుంది. వేడి తిన్నదైతే నూనెలో వేసిన పూరీలా మధ్యలో పొంగి ఉంటుంది. వేలితో తాకితే లోపల గాలి ఉన్నట్టు తెలుస్తుంది. నొక్కకండి. పొట్లం ఎక్కడన్నా చిరిగి ఉంటే గోళ్లరంగు లాంటి తియ్యటి వాసన వస్తుంది, అది లోపలి ద్రావకం వాసన.

ఆ గాలి ఎక్కడిది? లిథియం సెల్‌లో, అంటే ఆ బ్యాటరీ పొట్లంలో, రెండు పలకల మధ్య ఉండే ద్రవం కర్బన ద్రావకం. వేడి పెరిగే కొద్దీ అది పలకల దగ్గర విరిగి వాయువులు వదులుతుంది. సెల్ నిండా ఛార్జ్ అయి ఉంటే, అంటే 4.2 వోల్టుల దగ్గరో ఆపైనో ఉంటే, పాజిటివ్ పలక ఆ ద్రవాన్ని ఇంకా గట్టిగా కొరుకుతుంది. అందుకే వేడి ఒక్కటే ఉంటే ఒక నష్టం, వేడితో పాటు నిండు ఛార్జ్ కూడా ఉంటే దానికి రెట్టింపు నష్టం.

బ్యాటరీల వాళ్లు వాడే లెక్క ఒకటి ఉంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఏడాది పక్కన పెట్టిన బ్యాటరీకి 96 శాతం సత్తువ మిగులుతుంది, నిండుగా పెడితే 80. 40 డిగ్రీల దగ్గర ఆ అంకెలు 85, 65 అవుతాయి. 60 డిగ్రీల దగ్గర నిండు బ్యాటరీ ఏడాది కాదు, మూడు నెలల్లోనే 60కి దిగిపోతుంది. ఒకసారి కార్లో మరిచిపోతే పోయేది కొంచెమే. రోజూ ఆఫీసు ముందు ఎండలో నిలిపే కార్లో మార్చి నుంచి జూన్ దాకా పడి ఉండే పవర్ బ్యాంక్ మాత్రం ఈ చివరి అంకె వైపే పోతుంది.

పేలుడు సంగతి కూడా చెప్పాలి. సెల్ లోపల తనంతట తాను వేడెక్కే రసాయన మార్పులు మొదలయ్యేది సుమారు 80, 90 డిగ్రీల దగ్గర. పలకల్ని విడదీసే పాలిథీన్ పొర కరిగేది 130 దగ్గర. బాగున్న సెల్‌ని 70 డిగ్రీల డాష్‌బోర్డ్ అంత దూరం తీసుకెళ్లదు. కానీ అప్పటికే ఉబ్బిన సెల్, కింద పడి నొక్కుకుపోయిన సెల్, ఊరూ పేరూ లేని పవర్ బ్యాంక్, పైగా ఎండలో ఛార్జింగ్ పెట్టి ఉంటే మధ్యలో ఉన్న ఆ పది డిగ్రీల ఎడం చాలా సన్నగిల్లుతుంది. పవర్ బ్యాంక్ కొనేటప్పుడు వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తూ, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ధర ఎంత తక్కువైనా కారులోకి రానివ్వకండి.

మరిచిపోయేవి ఏవంటే

ఫోన్‌ని ఎవరూ ఎక్కువసేపు మరిచిపోరు. గుళ్లోకి ఫోన్ రానివ్వరని కార్లో పెట్టి దర్శనానికి పోయేటప్పుడు మాత్రం రెండు మూడు గంటలు వదిలేస్తారు. ఫోన్లు దాచే కౌంటరు ఉన్నచోట అక్కడ ఇవ్వడమే మేలు. క్యూలో నిలబడే ఓపిక ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర ఇంకో పది నిమిషాలు పెద్ద లెక్క కాదు.

అసలు చెడేవి డిక్కీలో పడి ఉండేవి. ఈ మధ్య చాలామంది లిథియం బ్యాటరీ ఉన్న గాలి పంపు, కారు బ్యాటరీ దిగినప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసే జంప్ స్టార్టర్ కొని స్టెప్నీ పక్కన పెట్టుకుంటున్నారు. ఎప్పుడు అవసరం పడుతుందోనని నిండా ఛార్జ్ చేసి మరీ పెడతారు. నిండు ఛార్జ్, నాలుగు నెలల ఎండ, పట్టించుకునేవాళ్లు లేరు: ఇంతకంటే చెడ్డ కలయిక లేదు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక టైరు దిగితే ఆ పంపు పని చేయదు, చేసినా పావు టైరు కొట్టి ఆగిపోతుంది. మన ఎండలకి 12 వోల్టుల సాకెట్‌కి తగిలించే వైరు పంపే మేలు. అందులో బ్యాటరీ లేదు, చెడేదీ లేదు. జంప్ స్టార్టర్ కొనేసి ఉంటే మార్చి నుంచి జూన్ దాకా ఇంట్లో పెట్టుకుని, దూరం పోయేటప్పుడే కార్లో వేసుకోండి.

సెడాన్ డిక్కీ క్యాబిన్ కంటే కొంచెం నయం, ఎండ నేరుగా పడదు. హ్యాచ్‌బ్యాక్‌లో, ఎస్‌యూవీలో ఆ తేడా లేదు. వెనక అద్దం కింద ఉన్నది కూడా అదే గాలి.

పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లది వేరే కథ. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలన్నీ ఈ ఎండల్లోనే. కెమెరా బాడీ, లెన్సులు కొంతవరకు తట్టుకుంటాయి, డ్రోన్ బ్యాటరీలు తట్టుకోవు. రాత్రే అన్నీ నిండా ఛార్జ్ చేసి బండిలో వేసుకుని వస్తారు, బరాత్ సాయంత్రం. ఆ మధ్య ఎనిమిది గంటలు సెల్‌కి 4.2 వోల్టుల దగ్గర ఉడుకుతాయి. పక్కన పెట్టేటప్పుడు సెల్‌కి 3.8 నుంచి 3.85 వోల్టులు ఉండాలి, అంటే దాదాపు సగం ఛార్జ్. చాలా డ్రోన్ బ్యాటరీలు కొన్ని రోజులు వాడకపోతే తమంతట తామే ఆ స్థాయికి దిగుతాయి కానీ గంటల్లో ఆ పని జరగదు. బ్యాటరీల సంచీ మనిషితో పాటు హాల్లోకి పోవాలి. ఛార్జింగ్ కూడా హాల్లోనే, ఎగరేయడానికి గంటన్నర ముందు.

దారిని రికార్డ్ చేసే కెమెరా, డాష్‌క్యామ్, ముందు అద్దానికి అతుక్కుని అత్యంత వేడి చోట కూర్చుంటుంది, తీసి జేబులో వేసుకునేదీ కాదు. కొనేటప్పుడే చూసుకోవాలి: లోపల లిథియం బ్యాటరీ ఉందా, దాని బదులు కరెంటుని కాసేపు నిలవ ఉంచే సూపర్ కెపాసిటర్ ఉందా అని. కెపాసిటర్‌ది తీసుకోండి. దానికి 65, 70 డిగ్రీలు మామూలు, ఉబ్బి పగిలే పొట్లం ఉండదు. మెమొరీ కార్డు కూడా ఎక్కువసార్లు రాసేందుకు చేసిన రకం, 85 డిగ్రీల దాకా పనిచేసేది కావాలి. పాత డాష్‌క్యామ్ బ్యాటరీ పోయిందని తెలిసే గుర్తు ఒకటుంది. ఇంజన్ ఆపి, పొద్దున మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. వీడియో మామూలుగానే రికార్డ్ అవుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ప్రమాదం జరిగిన రోజు ఆ వీడియో మీద తప్పుడు తేదీ ఉంటే దానికి విలువేముంది? నెలకోసారి ఒక క్లిప్ తెరిచి తేదీ చూడండి.

స్కూటీ వాళ్లకి కూడా ఒక మాట. సీటు కింద పెట్టె ఎండ తగలదు కదాని ఫోన్ అందులో వేసి మార్కెట్‌కి పోతారు. పెట్రోల్ స్కూటర్‌లో ఆ పెట్టె కింద ఉన్నది ఇంజన్. బండి ఆపిన తర్వాత గాలి తగలక ఇంజన్ వేడి పైకే వస్తుంది. కొంగుకో జేబుకో ఫోన్ కట్టుకుని పోవడమే చల్లన.

ఎలక్ట్రానిక్స్ కాకపోయినా చెప్పి తీరాల్సినవి: సిగరెట్ లైటర్, సెంటు స్ప్రే డబ్బా, వీటి మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసే ఉంటుంది. షుగర్ పరీక్ష చేసే మిషన్ స్ట్రిప్పులకి హద్దు చాలా వరకు 30. ఎండ తిన్న స్ట్రిప్పు పని చేయనట్టు కనిపించదు, తప్పు అంకె చూపిస్తుంది. ఇన్సులిన్ కూడా అంతే.

పెట్టక తప్పనప్పుడు

నీడ వెతకడంలో చిన్న లెక్క. నల్లగొండ, పాలమూరు 17 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. మే 8 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కర్రకి నీడ పడదు. అప్పటినుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగానే. కాబట్టి పన్నెండు గంటలకి గోడ నీడ నమ్ముకుని లాభం లేదు, పైన కప్పో చెట్టో ఉండాలి. పొద్దున తొమ్మిదికి ఆపి పదకొండుకి తీసే కారైతే గోడకి పడమర వైపు. రెండింటికి ఆపి ఐదింటికి తీసేదైతే గోడకి తూర్పు వైపు, కారు ముక్కు కూడా తూర్పుకే. ముందు అద్దం పెద్దది, వాలుగా ఉంటుంది, దాని కిందే డాష్‌బోర్డ్. దాన్ని పడమటి ఎండకి ఎదురుగా పెట్టడమంటే పొయ్యికి మూతి పెట్టడమే. చెట్టు కిందైతే ఇప్పుడున్న నీడ కాదు, మీరు తిరిగొచ్చే వేళకి నీడ ఎటు పోతుందో చూసి ఆపాలి. సాయంత్రానికి యాపచెట్టు నీడ తూర్పుకి సాగుతుంది.

సన్‌షేడ్ అద్దానికి లోపల పెట్టేది కొంత పని చేస్తుంది. బయట పరిచేది ఇంకా బాగా పని చేస్తుంది, ఎందుకంటే ఎండ గాజు దాటకముందే ఆగుతుంది. ప్రత్యేకంగా కొనక్కర్లేదు, తెల్ల పంచె మడిచి రెండు అంచులు ముందు తలుపుల్లో ఇరికిస్తే చాలు. అద్దాలకి నల్ల ఫిల్మ్ గురించి అడుగుతారు. ముందు వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన, అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణమే కాబట్టి నల్లదనం చూసి వేడి ఆపుతుందనుకోవద్దు.

ఇక వస్తువు. పూర్తిగా స్విచాఫ్ చేయండి. ల్యాప్‌టాప్ మూత మూస్తే ఆగినట్టు కాదు, నిద్రలో ఉన్నది మధ్యలో లేచి అప్‌డేట్ వేసుకుంటూ బ్యాగులోనే వేడెక్కుతుంది. షట్‌డౌన్ కొట్టి, ఫ్యాన్ ఆగాక మూయండి. ఛార్జ్ సగం దగ్గర ఉంచండి. ముందు సీటు కింద, నేల మీద పెట్టండి. సీట్ల మీద, వెనక అద్దం కింద పలక మీద వద్దు. గ్లవ్ బాక్స్ కూడా వద్దు, అది డాష్‌బోర్డ్ పొట్టలోనే ఉంది.

రెండు మూడు గంటలు తప్పదంటే థర్మాకోల్ పెట్టె మంచి సాధనం, కానీ ఒట్టి పెట్టె కాదు. థర్మాకోల్ చల్లబరచదు, వేడిని ఆలస్యం చేస్తుంది అంతే. లోపల రెండు వందల గ్రాముల ఫోన్ ఒక్కటే ఉంటే పది పదిహేను నిమిషాల్లోనే దాదాపు బయటి వేడికి వచ్చేస్తుంది. అందులో వేడి పీల్చుకునే బరువు ఉండాలి, అందుకు నీళ్లకి మించింది లేదు. రెండు సెంటీమీటర్ల మందం గోడలున్న చిన్న పెట్టె, అందులో లీటరు సీసాలు రెండు, నీళ్లు సుమారు 30 డిగ్రీల దగ్గర. కారు నేల దగ్గర 55 ఉందనుకుని లెక్క వేస్తే పెట్టె లోపల గంటకి 36, 37 దాకా, రెండు గంటలకి 41 దాకా, మూడు గంటలకి 45 దగ్గరికి వస్తుంది. అంటే మూడు గంటల దాకా ఫోన్ హద్దు దాటదు. లాంచీలో నాగార్జునకొండకి పోయి రావడానికి సరిపోతుంది, అటు ఇటు అయితే ఇంకో సీసా పెట్టండి. కుండ నీళ్లు నింపితే ఇంకో అరగంట కలిసొస్తుంది. ఐస్ వెయ్యొద్దు. ఐస్ చుట్టూ గాలిలోని తేమ నీరు కడుతుంది, అది ఛార్జింగ్ రంధ్రంలోకి పోతుంది. సీసా మూతలు గట్టిగా బిగించి, ఫోన్‌ని తువ్వాలలో చుట్టి పైన పెట్టండి.

తిరిగొచ్చాక పది నిమిషాలు

సాధారణంగా జరిగేది ఇది: తలుపు తీస్తారు, కాలిపోతున్న ఫోన్‌ని హోల్డర్‌లో పెడతారు, ఫాస్ట్ ఛార్జర్ తగిలిస్తారు, మ్యాప్ పెడతారు, పిల్లల ట్యాబ్‌కి హాట్‌స్పాట్ ఇస్తారు. జడ్చర్ల దాటేలోపు స్క్రీన్ మసకబారి, ఫోన్ బాగా వేడెక్కిందని చూపించి ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టమే, అది తనను తాను కాపాడుకుంటోంది. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మంచి ఫోన్లు తమంతట తామే ఛార్జింగ్ నిలిపేస్తాయి. చవక పవర్ బ్యాంక్, పాత ఫోన్ ఆపకపోవచ్చు.

కాబట్టి క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. ముందు కారు గాలి మార్చండి: ఒకవైపు వెనక అద్దం పూర్తిగా దించి, ఎదురువైపు ముందు తలుపు ఐదారుసార్లు విసురుగా తెరిచి మూస్తే కొలిమిలాంటి గాలి చాలా వరకు పోతుంది. ఏసీ మొదటి రెండు నిమిషాలు బయటి గాలి మీద నడిపి, ఆ తర్వాతే లోపలి గాలికి మార్చండి. ఫోన్‌కి తొడుగు తీసేయండి, రబ్బరు కవరు దానికి దుప్పటి కప్పినట్టే. ఎండ పడని చోట, ఒళ్లోనో పక్క సీట్లోనో పెట్టండి. చెయ్యి పెడితే వెచ్చదనం తెలియని స్థితికి వచ్చాకే ఆన్ చేయండి, ఆ తర్వాతే ఛార్జింగ్, అది కూడా మామూలు వేగంతో. వైర్‌లెస్ ఛార్జింగ్ ఇంకో వేడి పొయ్యి, ఎండాకాలం కార్లో దాన్ని మరిచిపోండి. ఫ్రిజ్‌లో పెట్టే తెలివి అసలు వద్దు: బయటికి తీయగానే చల్లటి గాజు లోపలి వైపు నీటి పొర కడుతుంది.

స్క్రీన్ మీద నల్ల మచ్చ కనిపిస్తే కంగారు పడకండి. ఎల్‌సీడీలో ఉండే ద్రవ స్ఫటికం ఒక వేడి దాటితే తన వరస తప్పి నల్లగా అవుతుంది, చల్లారాక మళ్లీ సర్దుకుంటుంది. గంట తర్వాత కూడా పసుపు మరకో, అంచున బుడగలో మిగిలితే అది పైపొరల నష్టం, తిరిగి రాదు.

ఉబ్బిందో లేదో చూడ్డానికి ఫోన్‌ని కవరు తీసి గాజు బల్ల మీద వెనక్కి పెట్టండి. కెమెరా ఎత్తుని పక్కన పెడితే, అది బొంగరంలా తిరిగినా, ఊగినా అనుమానించండి. స్క్రీన్ అంచు నుంచి వెలుగు కారడం ఇంకో గుర్తు. ల్యాప్‌టాప్‌లో అయితే టచ్‌ప్యాడ్ గట్టిపడి నొక్కుడు పడదు, లేదా మూత సరిగ్గా మూయదు. ఎందుకంటే బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంది. ఉబ్బిందని తేలాక ఛార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు, గాలి తీస్తే సరిపోతుందని ఎవరన్నా చెబితే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. మట్టికుండలోనో ఇసుక పోసిన ఇనుప డబ్బాలోనో పెట్టి, ఇంటి బయట నీడలో ఉంచి, అదే రోజు సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారు చేసినవాళ్లదే. చెత్తబండిలో వేస్తే అది డంపింగ్ యార్డు మంటలో తేలుతుంది.

ఉబ్బనిదాన్ని కూడా ఒకసారి చూడాలి, అదీ వానలకు ముందు. ఫోన్‌లోకి నీరు పోకుండా ఆపేవాటిలో ముఖ్యమైనది వెనక గ్లాసు చుట్టూ ఉన్న సన్నని గమ్ము గీత, ఆ గమ్మునే రోహిణి కార్తె ఎండ సడలిస్తుంది. పైకి ఏమీ తెలియదు. మిరుగం మొదటి వానలో జేబు తడిసినప్పుడు తెలుస్తుంది, వాటర్‌ప్రూఫ్ అని నమ్మిన ఫోన్‌లోకి నీళ్లు పోయాక. కరెంటు బిల్లు కాగితం మూలని వెనక గ్లాసుకీ చట్రానికీ మధ్య నెమ్మదిగా ఆనించి నాలుగు వైపులా జరపండి. ఎక్కడైనా కాగితం లోపలికి దిగితే అక్కడ గమ్ము వదిలింది. మూత తీసి పాత గమ్ము పూర్తిగా గోకి, ఆ మోడల్‌కి కోసి వచ్చే కొత్త సీల్ వేయమనండి. ట్యూబులోంచి జిగురు పిండి అంటించేస్తామంటే వద్దనండి.